మేనత్తకు షెల్ఫ్ డ్యూటీ

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పార్ట్‌టైమ్ పనికి ఆ ఏడు పదకొండు మంది విద్యార్థులు చేరారు. పదిమందికి ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. పదకొండో మనిషికి యాభై ఎనిమిది. ఆవిడ ఇన్‌ఛార్జికి స్వయానా మేనత్త.

ఇన్‌ఛార్జి అంటే పుస్తకాలిచ్చి పుచ్చుకునే కౌంటరూ, మూడంతస్తుల అరలూ, ఆ అరల మధ్య ట్రాలీలు తోసుకుంటూ తిరిగే విద్యార్థులూ, అన్నిటికీ జవాబు చెప్పుకోవలసిన మనిషి. ముప్ఫై ఆరేళ్ళు. ఇస్త్రీ నలగని బట్టలు, మెడలో గుర్తింపు కార్డు, గొంతు పెంచకుండానే నలుగురినీ నిలబెట్టగల చూపు. ఇవన్నీ సంపాదించుకోవడానికి ఆమెకు పదేళ్ళు పట్టింది. మేనత్త వచ్చి మొదటి రోజే కౌంటరు ముందు నిలబడి, "ఏమే పిచ్చుకా, నా ట్రాలీ ఏదే?" అనేసరికి అరనిమిషంలో అన్నీ పోయాయి. చిన్నప్పుడు బక్కగా ఉండేదని పెట్టిన పేరు అది. వారం తిరక్కుండా పిల్లలందరూ చాటుగా 'పిచ్చుక మేడమ్' అనడం మొదలుపెట్టారు. మేనత్తను మాత్రం బాహాటంగానే 'అత్తా' అని పిలిచేవాళ్ళు. లైబ్రరీ మొత్తానికీ ఆవిడ అత్తే.

ఆవిడను పనిలోకి తీసుకున్నది ఇన్‌ఛార్జి కాదు. ఆమె సెలవులో ఉన్న రోజు చూసి చీఫ్ లైబ్రేరియన్ ఇంటర్వ్యూలు పెట్టేశాడు. మేనత్త ముప్ఫై ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపి, దాన్ని మూసేసి, బి.ఎ. హిస్టరీలో చేరింది. చదువు మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని మేనకోడలు అడిగితే, "ప్రేమా దోమానా! మీ మామయ్య రిటైరయ్యాడు కదే. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. ఆయన కొంపలో ఉంటే మరి నేనెక్కడుండను?" అంది. క్లాసులు మధ్యాహ్నానికే అయిపోతాయి. ఇంటికి వెళితే మళ్ళీ మామయ్యే. అందుకని లైబ్రరీ.

సరిగ్గా ఆ వారమే చీఫ్ గారు ఇన్‌ఛార్జిని పిలిపించాడు. ఎదురుగా మనిషి ఉన్నా సెల్‌ఫోన్‌తోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడే మనిషి ఆయన.

"ఈమధ్య ఎక్కడ చూసినా ఇంక్లూజివ్ ట్రైనింగ్ అంటున్నారు. రకరకాల పిల్లలుంటారు కదా, అందరినీ కలుపుకుపోవాలట. మన దగ్గర కూడా ఒకటి ఉండాలి," అన్నాడు, గోడకు ఫ్యాను పెట్టించాలన్నంత తేలిగ్గా. "సోమవారానికల్లా అయిపోవాలి. ఫొటోలు తీయించండి."

ఇన్‌ఛార్జికి ఆ మాట నచ్చింది. తను ముందు నుంచీ అందరినీ కలుపుకుపోయే మనిషినేనని ఆమెకు గట్టి నమ్మకం. శని, ఆదివారాలు కూర్చుని స్లైడ్లు తయారుచేసింది. మొదటి దాంట్లో రంగురంగుల చేతులు గుండ్రంగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

సోమవారం సెమినార్ గదిలో తెర మీద ఆ చేతులు కనబడగానే వెనక వరసలోంచి మేనత్త అంది:

"ఎవరివే ఆ చేతులు? ఒక్కళ్ళూ గోళ్ళు తీసుకున్నట్టు లేరు."

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇన్‌ఛార్జి విననట్టు రెండో స్లైడుకు వెళ్ళింది. 'మీ గురించి ఇతరులకు తెలియని ఒక సంగతి చెప్పండి' అని ఆట. ఒకబ్బాయి తనకు ఈల వేయడం వచ్చన్నాడు. ఇంకో అమ్మాయి బల్లులంటే భయమంది. మేనత్త వంతు వచ్చింది.

"నా గురించి తెలియనిదేముంది? మీ మేడమ్ గురించి చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఇది బాత్రూమ్ లోపల గడియ పెట్టుకుని, తీయడం రాక గంటసేపు ఏడ్చింది. తీరా చూస్తే గడియ పడనే లేదు. తలుపును లాగాల్సింది పోయి తోస్తోంది."

గది ఘొల్లుమంది. ఇన్‌ఛార్జి చెవులు కాలిపోయాయి. అయినా నవ్వింది. కలుపుకుపోవాలి కదా.

"ఇక్కడ అందరూ సమానం," అంది చివరి స్లైడు దగ్గర నిలబడి. "ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. అందరిదీ ఒకే పని, అందరూ ఒకే తీరులో చేస్తారు. ఎవరికైనా ఏదైనా ఇబ్బందుంటే నాకు చెప్పుకోవచ్చు. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"నీ గదికి అసలు తలుపే లేదు కదే!" అంది మేనత్త.

అది నిజమే. ఇన్‌ఛార్జి గది అంటే కౌంటరు వెనక రెండు బీరువాల మధ్య ఖాళీ. తర్వాత అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు, ఫొటోలు తీశారు, శిక్షణ ముగిసింది.

అయితే దానికి ఒక ఫలం దక్కింది. ఆ సాయంత్రమే ఒకమ్మాయి బీరువాల మధ్యకు వచ్చి నిలబడింది. సెకండియర్ పిల్ల. ఎప్పుడు చూసినా చెవులకు లావుపాటి హెడ్‌ఫోన్లుంటాయి కాబట్టి అందరూ ఆమెను హెడ్‌ఫోన్స్ అనే పిలుస్తారు. వాటిని మెడ మీదకు దించుకుని, నేల చూపులు చూస్తూ చెప్పింది.

"మేడమ్, నాకు అంకెలు తారుమారవుతాయి. పదహారు అరవై ఒకటిలా కనిపిస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. నంబరు కింద వేలు పెట్టి, నోటితో ఒకసారి చదువుకుంటే సరిపోతుంది. కొంచెం టైమ్ పడుతుంది, అంతే. మీరు చెప్పమన్నారని చెబుతున్నా."

ఇన్‌ఛార్జి పొంగిపోయింది. ట్రైనింగ్ వీడియోల్లో చూసినట్టు తల ఒక పక్కకు వంచి, "చెప్పినందుకు చాలా థాంక్స్," అంది. ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా కాసేపు తల అలాగే వంచుకుని కూర్చుంది.

మూడో వారంలో భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ దిగబడ్డాడు. పొట్టి మనిషే గానీ గొంతు మాత్రం క్వారీలో పేలుళ్ళకు పోటీ వస్తుంది.

"నా అగ్నిపర్వతాలేవీ?"

అగ్నిపర్వతాల మీద ఆయనకు కావలసిన పుస్తకం ఉండాల్సిన చోట లేదు. ఎవరూ తీసుకెళ్ళినట్టూ లేదు. వెతగ్గా వెతగ్గా రసాయనశాస్త్రంలో, రంగులూ అద్దకాల పుస్తకాల మధ్య దొరికింది. రెండు రోజులు పోయాక భూకంపాలు కనబడలేదు. అవీ రసాయనశాస్త్రంలోనే తేలాయి. ఆ తర్వాత హిమానీనదాలు.

"ఇది లైబ్రరీయా, సంతా? ఆ పిల్లలకు అంకెలు చదవడం రాదా?" అని ప్రొఫెసర్ కౌంటరు మీద చరిచాడు.

అంకెలు అన్న మాట చెవిన పడగానే ఇన్‌ఛార్జికి హెడ్‌ఫోన్స్ గుర్తొచ్చింది. ఇంక వేరే ఆలోచన రాలేదు. ఆ వైపు అరల్లో ఏ రోజు ఎవరు పనిచేశారో చూడలేదు. ఆ పిల్లను అడగనూ లేదు. అడిగితే నొచ్చుకుంటుందేమోనని తనకు తాను సర్దిచెప్పుకుంది. మర్నాడు ఆమెను పిలిచి, మొహం నిండా నవ్వు పులుముకుని చెప్పింది.

"రేపట్నుంచి నువ్వు షెల్ఫులు చూడనక్కర్లేదమ్మా. గేటు దగ్గర కూర్చో. వచ్చేవాళ్ళను పలకరిస్తే చాలు. నీకు ఒత్తిడి ఉండకూడదని."

"నేనేమైనా తప్పు చేశానా మేడమ్?"

"ఛ ఛ, అదేం లేదు!"

"మరి నాకు ఒత్తిడిగా లేదే?"

"ఉండకముందే జాగ్రత్తపడాలి కదా," అంది ఇన్‌ఛార్జి. తను ఎంత సున్నితంగా నడుపుకొచ్చిందో తలచుకుని తనకే ముచ్చటేసింది.

గేటు దగ్గర చేయడానికి పనేమీ లేదు. కార్డు చూపిస్తే గేటు దానంతటదే కీచుమని తెరుచుకుంటుంది. హెడ్‌ఫోన్స్ స్టూలు మీద కూర్చుని, వచ్చేవాళ్ళను చూసి ఒకసారి తలూపి, మళ్ళీ తన పాటల్లోకి వెళ్ళిపోయేది. ఒకరోజు ఎవరో ఆమెను ఫ్యూజు పోయిన దీపం ఎక్కడుందో చూపించమన్నారు. లేచి చూపించింది. ఆ వారం మొత్తంలో ఆమె చేసిన పని అదే.

అగ్నిపర్వతాలు మాత్రం ఆగలేదు. సుడిగుండాలు, ఇసుక దిబ్బలు, డైనోసార్లు ఒకదాని వెనక ఒకటి రసాయనశాస్త్రంలోకి ఎగబాకుతూనే ఉన్నాయి. పాత తప్పులే ఇప్పుడు బయటపడుతున్నాయి కాబోలనుకుంది ఇన్‌ఛార్జి. మనసు ఒకసారి ఒకరిని దోషిగా నిలబెట్టాక సాక్ష్యాన్ని కూడా తనే వండి వడ్డిస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆమె ప్రొఫెసర్‌కు కనబడకుండా తప్పించుకోవడానికి రెండో అంతస్తులో ఇనప అరల వెనక్కు వెళ్ళింది. అవతలి సందులో మేనత్త ట్రాలీ పక్కన నిలబడి ఉంది. చేతిలో లావుపాటి పుస్తకం. వీపు మీది నంబరు చూసింది. అరలను పైనుంచి కింది దాకా చూసింది. అట్టడుగు అర దగ్గర ఆవిడ చూపు ఆగింది. నూతిలోకి తొంగిచూసినట్టు దాన్ని కాసేపు చూసింది. ఒక మోకాలి మీద చెయ్యేసి, రవ్వంత వంగి, 'హమ్మా' అని మళ్ళీ నిటారుగా నిలబడింది. అటూ ఇటూ చూసింది. తర్వాత నడుమెత్తున ఉన్న రసాయనశాస్త్రం అరలో రెండు పుస్తకాల మధ్య ఖాళీ చేసి, చేతిలోదాన్ని అక్కడ దూర్చి, వీపు తట్టింది.

"నువ్విక్కడే ఉండమ్మా. కింద చలి."

ఇన్‌ఛార్జి అరల మధ్య నుంచి తల బయటపెట్టింది.

"అత్తా!"

మేనత్త అదిరిపడింది. కానీ ముప్ఫై ఏళ్ళు కుట్టించుకునేవాళ్ళకు జాకెట్టు ఎందుకు బిగుతయిందో చెప్పుకొచ్చిన మనిషి. అంత సులువుగా చిక్కదు.

"ఏంటే, దొంగపిల్లిలా? గుండాగిపోతే మీ మామయ్యకు నువ్వు వండిపెడతావా?"

"అది కింది అర పుస్తకం కదా?"

"ఏది?"

"ఇప్పుడు పెట్టావే, అది. ఇన్ని రోజులుగా పెడుతున్నవన్నీ. అన్నీ కింది అరవే కదా?"

మేనత్త ట్రాలీ చువ్వ గట్టిగా పట్టుకుంది.

"మోకాళ్ళే," అంది. "వంగితే లేవలేను. ఒకసారి కూర్చున్నాను. లేవడానికి ఈ షెల్ఫు పట్టుకుంటే షెల్ఫే నా మీదకొచ్చింది. ఆ రోజు నుంచి మానేశాను."

"మరి నాకు చెప్పాలా వద్దా? ఇబ్బందుంటే చెప్పమన్నానుగా!"

"ఎక్కడ చెప్పమన్నావు? పదిమంది పిల్లల ముందు! ఒకడు ఈల వేస్తానంటున్నాడు, ఒకత్తి బల్లులంటోంది, నేను లేచి 'నా మోకాళ్ళు అరిగిపోయాయి నాయనా' అనాలా? అయినా ఆ నోటితోనే అన్నావుగా, అందరూ ఒకే తీరులో చేయాలని. నా తీరు వేరు. చెబితే తీసేస్తావనుకున్నాను."

"నేనెందుకు తీసేస్తాను?"

"ఏమో, నువ్వు పెద్దదానివయ్యావు." మేనత్త మొహం తిప్పుకుంది. "నీకు జడలు వేసినదాన్నే. నీ కింద పనిచేయమంటే చేస్తాను, నాకేం సిగ్గు లేదు. నీ ముందు మోకాళ్ళు పట్టుకుని మూలగమంటే మాత్రం నా వల్ల కాదు."

ఇన్‌ఛార్జి కంగారులో అనకూడని మాట అంది.

"నేను అనవసరంగా ఆ హెడ్‌ఫోన్స్ పిల్లను మార్చేశాను. తనే తప్పులు పెడుతోందేమోనని."

మేనత్త ఇటు తిరిగింది.

"అందుకా ఆ పిల్ల గేటు దగ్గర కూర్చుంటోంది? కొత్త పోస్టు ఇచ్చావనుకున్నానే! నా మోకాళ్ళకు ఆ పిల్లకు శిక్షా?"

"శిక్ష కాదత్తా, ఒత్తిడి లేకుండా..."

"నోర్ముయ్!" అని మేనత్త మెట్ల వైపు నడిచింది.

ఇన్‌ఛార్జి వెంటపడింది. ఎలాగైనా ముందుగా తను గేటు దగ్గరకు చేరి, మెల్లగా, మర్యాదగా, ఎవరూ వినకుండా ఆ పిల్లకు సారీ చెప్పాలి. కానీ లైబ్రరీ మెట్లు ఇరుకు. మేనత్త ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, రెండు పాదాలూ ఒక మెట్టు మీద ఆనాకనే తర్వాతి మెట్టు దిగుతోంది. పక్కనుంచి దూరిపోవడానికి చీమకైనా సందు లేదు.

"అత్తా, కొంచెం జరుగు."

"జరిగితే దొర్లుతాను."

"నేను ముందెళ్ళి చెబుతాను."

"నువ్వు చెప్పింది చాల్లే. నువ్వు చెబితే ఆ పిల్లను ఈసారి రోడ్డు మీద కూర్చోబెడతావు."

"మెల్లగా మాట్లాడు, కింద చదువుకుంటున్నారు!"

"చదువుకోనీ! వాళ్ళకూ తెలియాలి. అగ్నిపర్వతాలు మార్చింది నేనే! భూకంపాలు నేనే! డైనోసార్లు కూడా నేనే!"

రీడింగ్ హాల్లో తలలన్నీ లేచాయి. మూలన కూర్చున్న భూగర్భశాస్త్రం ప్రొఫెసర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అలా ఇద్దరూ, ముందు ఒకరు ఓడలా, వెనక ఒకరు తాడుకు కట్టిన పడవలా, కిందకు దిగి గేటు దగ్గరకు చేరారు.

లైబ్రరీ మొత్తంలో ఈ గోల వినపడనిది ఒక్క హెడ్‌ఫోన్స్‌కే. ఎదురుగా రొప్పుతున్న మేనత్తను చూసి చెవుల మీంచి అవి తీసింది.

"ఏంటత్తా?"

మేనత్త మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. అందరూ రెండోసారి విన్నారు. హెడ్‌ఫోన్స్ మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇన్‌ఛార్జి వైపు చూసింది.

"అంటే, నేననుకున్నారా మేడమ్?"

"సారీ అమ్మా. పొరపాటైంది. నీ మంచికే అనుకున్నాను."

"నన్నొక్కసారి అడగొచ్చుగా? రెండు నేనూ తప్పు పెట్టాను. అవి భూకంపాలు కావు, వ్యాకరణాలు. నాకే తెలిసి మర్నాడే సరిచేసుకున్నాను. అడిగితే చెప్పేదాన్ని."

"అవును. అడగాల్సింది."

"మీరు చెప్పమంటే ధైర్యం చేసి చెప్పాను మేడమ్. చెప్పిన నన్ను గుమ్మంలో పెట్టారు. చెప్పని అత్త హాయిగా పైన తిరుగుతోంది. ఇది చూశాక ఇంకెవరైనా మీకేమైనా చెబుతారా?"

ఆ పిల్ల ఈ మాట అరిచి అనలేదు. అరిచి ఉంటే నయమనిపించింది ఇన్‌ఛార్జికి. అరుపులకు ఆమె దగ్గర జవాబులుండేవి. ఎవరో కార్డు చూపించారు. గేటు కీచుమంది.

"రేపు మళ్ళీ షెల్ఫులకు వస్తావా?" అని అడిగింది ఇన్‌ఛార్జి.

"ఆలోచించుకుంటాను," అంది హెడ్‌ఫోన్స్. రెండు రోజులు ఆలోచించుకుంది కూడా. ఆ రెండు రోజులూ ఇన్‌ఛార్జి గేటు పక్క నుంచి వెళ్ళిన ప్రతిసారీ మెడలోని కార్డును అనవసరంగా సర్దుకుంది. మూడో రోజు ఆ పిల్ల వచ్చి తన ట్రాలీ తీసుకుంది. క్షమించేశానని మాత్రం అనలేదు.

ఇన్‌ఛార్జి చీఫ్ గారి దగ్గరకు వెళ్ళింది. ట్రైనింగ్ మళ్ళీ చేయాలి, కింది అరల కోసం చక్రాల పొట్టి స్టూళ్ళు కావాలి అని చెప్పింది.

"ట్రైనింగ్ అయిపోయిందిగా!" అన్నాడాయన ఫోనులోంచి తలెత్తకుండా. "ఫొటోలు కూడా పంపేశాం. బాగున్నాయని మెచ్చుకున్నారు."

"అందులో నేను చెప్పింది తప్పు సార్."

"ఫొటోలో మాటలు వినపడవు కదమ్మా!"

స్టూళ్ళు రాలేదు. మేనత్తే ఒకటి తెచ్చుకుంది. షాపులో మిషను ముందు వాడిన చక్రాల స్టూలు. మామయ్య దాన్ని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి, ఆవిడ తిట్లు తింటూ రెండో అంతస్తుకు ఎక్కించాడు. దాని మీద కూర్చుంటే కింది అర ఆవిడకు సరిగ్గా చేతికందేది. ఒక్క తన్ను తంతే సందు ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది. చక్రాలకు నూనె లేక అది చేసే చప్పుడు విని చీఫ్ గారు రెండుసార్లు పైకొచ్చాడు. రెండోసారి ఆ స్టూలు ఆయన కాలిబొటనవేలి మీదుగా పోయింది. మూడోసారి రాలేదు. ప్రొఫెసర్ కొన్నాళ్ళు మేనత్త కనబడగానే అరలకు అతుక్కుని నిలబడి దారి ఇచ్చేవాడు. తర్వాత అలవాటుపడి, తనకు కావలసినవి ఆవిడనే తీసిపెట్టమనేవాడు. ఆవిడ అప్పుడప్పుడు వేరేవి ఇచ్చేది. బాగున్నాయి, చదవమనేది.

తర్వాతి సెమిస్టర్‌లో కొత్తగా ఆరుగురు చేరారు. ఈసారి ఇన్‌ఛార్జి స్లైడ్లు చేయలేదు. పాతవాళ్ళనే కొత్తవాళ్ళకు పని చూపించమని పంపి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, 'ఈ పని నువ్వెలా చేయగలవు, ఏం ఉంటే వీలుగా ఉంటుంది?' అని అడిగింది. బీరువాల మధ్య తలుపు లేదు కాబట్టి మాటలు బయటికి పోకుండా ఒక పాత తెర కట్టించింది. అది మేనత్త కుట్టిందే. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు.

మొదటి అమ్మాయి ఎడమ చెవితో సరిగ్గా వినపడదంది. కౌంటరు ఎడమ చివర సీటు అడిగింది. రెండో అబ్బాయి ఫోన్ ఎత్తమంటే నత్తి వస్తుందన్నాడు. మనుషులతో ఎదురుగా అయితే ఎంతైనా మాట్లాడతాడట. ఇన్‌ఛార్జి తల పక్కకు వంచకుండా విని, ఇద్దరికీ అలాగే కుదిర్చింది. మూడో అబ్బాయి వచ్చి కుర్చీలో జారగిలబడ్డాడు.

"నేను పొద్దున షిఫ్టు చేయలేను మేడమ్."

ఇన్‌ఛార్జి నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో. చిన్నపిల్లలను చూసుకోవాలేమో. రాత్రుళ్ళు ఎక్కడైనా పని చేస్తున్నాడేమో. ఊహించుకోకూడదు, అడగాలి. గొంతు సవరించుకుని, వీలైనంత నెమ్మదిగా అడిగింది.

"ఎందుకు బాబూ?"

"ఏం లేదు మేడమ్," అన్నాడు వాడు నిజాయతీగా. "బద్ధకం."

తెర అవతల ఎవరో ఫక్కున నవ్వారు. ఒక గొంతు హెడ్‌ఫోన్స్‌ది, ఒకటి మేనత్తది. ఇన్‌ఛార్జి వాడిని ఎగాదిగా చూసింది. తర్వాత సాయంత్రం షిఫ్టు ఇచ్చి పంపించింది. అప్పటికే ఆ షిఫ్టుకు మనుషులు చాలక చస్తోంది.